రాయలసీమ శిలలు, సిమెంటు, అణువ్యర్థం: తుమ్మలపల్లె నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

సారాంశం:

ప్రమాదకర, అణుధార్మిక వ్యర్థాలను సిమెంటులో కలిపి గట్టిపరచి, మట్టి కింద భద్రపరచే పద్ధతి 20వ శతాబ్ది మధ్యకాలం నుంచి ప్రపంచమంతటా వాడుకలో ఉంది. దేశానికి పెద్దమొత్తంలో సిమెంటు అందించే కర్నూలు, కడప ప్రాంతంలోనే యురేనియం గని, శుద్ధి కర్మాగారం కూడా వెలిశాయి. అయినా అక్కడి అణుధార్మిక అవశేషం సిమెంటులోకి చేరలేదు. బురదరూపంలో ఒక లోయలో నిలిచింది. ఈ వైరుధ్యానికి సాంకేతిక కారణాలు కొంతవరకే సమాధానం చెబుతాయని, వ్యర్థాల వర్గీకరణ చరిత్రలోనే అసలు మూలం ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: రాయలసీమ, తుమ్మలపల్లె, యురేనియం, సిమెంటు, ఘనీకరణ, టెయిలింగ్ పాండ్, భూగర్భజలం.

1. ఉపోద్ఘాతం:

రాయలసీమ చరిత్రను కరవు, నీరు, పాలెగాళ్లు, వలసలు అనే అంశాల చుట్టూ పరిశోధకులు విస్తృతంగా చర్చించారు. ఈ నేల కింది రాతికి ఉన్న ఆధునిక చరిత్రపై అంత దృష్టి పడలేదు. నాపరాయి, ముగ్గురాయి, సున్నపురాయి, యురేనియం ఈ ప్రాంతపు ఆర్థిక జీవితాన్ని మార్చిన ఖనిజాలు. ప్రతి ఖనిజం వెనుక ఒక అవశేషం మిగులుతుంది. ఆ అవశేషాన్ని ఎక్కడ, ఏ రూపంలో, ఎంతకాలం ఉంచాలన్నది ఇంజనీరింగు ప్రశ్నగానే కనిపించినా, దాని వెనుక చట్టమూ అధికారమూ స్థలకాలాలూ ఉన్నాయి. ఆ కారణంగా అది చరిత్రకారుని పరిశీలనకూ వస్తుంది.

కర్నూలు, కడప అన్న పేర్లను ఈ వ్యాసంలో 2022 పునర్విభజనకు పూర్వపు ఉమ్మడి జిల్లాల అర్థంలో వాడడం జరిగింది.

2. శిలా నేపథ్యం:

ఈ ప్రాంతపు శిలలను తొలిసారి సమగ్రంగా వివరించిన గ్రంథం భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ 1872లో వెలువరించినది. కడప, కర్నూలు అనే పేర్లు ఆనాడే భూవిజ్ఞాన పరిభాషలో శిలాసముదాయాల పేర్లుగా స్థిరపడ్డాయి. ఈ రెండు సముదాయాలలో రెండు పొరలు ఈ వ్యాసానికి ముఖ్యమైనవి.

మొదటిది నార్జి సున్నపురాయి. కడప జిల్లాలోని నార్జి గ్రామం పేరు మీద దీనికి ఆ పేరు వచ్చింది. ఇళ్లకు పరిచే నాపబండలూ, సిమెంటు కర్మాగారాలకు కావలసిన సున్నపురాయీ ఇందులోనివే. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు పరిసరాలలో తరతరాలుగా బండలు తీసిన నేలలోనే 20వ శతాబ్ది ద్వితీయార్ధంలో సిమెంటు పరిశ్రమ వేళ్లూనుకుంది. బేతంచెర్ల దగ్గర పాణ్యం సిమెంటు కర్మాగారం చుట్టూ ఏర్పడిన ఊరికి సిమెంటు నగర్ అన్న పేరే వచ్చింది.

రెండవది వేంపల్లె డోలోమైటు. ఇది నార్జి పొర కంటే చాలా ప్రాచీనమైనది. సుమారు 190 నుంచి 200 కోట్ల సంవత్సరాల నాటిది. యురేనియం ఈ పొరలోనే ఉంది. ఒకే శిలాద్రోణిలో ఒక పొర బంధక పదార్థాన్ని, మరొక పొర బంధించవలసిన పదార్థాన్ని ఇచ్చాయి. వీటికి తోడు మంగంపేటలో ప్రపంచ ప్రసిద్ధమైన ముగ్గురాయి నిక్షేపం ఉంది. ముగ్గురాయి అంటే బేరియం సల్ఫేటు. బరువైన ఈ రాయిని కాంక్రీటులో కలిపితే అది గామా కిరణాలను అడ్డుకుంటుంది. 1994లో ఉత్పత్తి ఆరంభించిన రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం బూడిద కూడా సిమెంటులో కలిసే పదార్థమే. వ్యర్థాన్ని గట్టిపరచడానికి కావలసిన ముడిసరుకులన్నీ ఈ విధంగా వంద కిలోమీటర్ల పరిధిలోనే ఒనగూడాయి.

3. సిమెంటులో ఘనీకరణ - పద్ధతి, చరిత్ర:

సిమెంటు ఎండిపోవడం వల్ల గట్టిపడదు. నీటితో రసాయనికంగా కలవడం వల్ల గట్టిపడుతుంది. ఈ చర్యలో కాల్షియం సిలికేట్ హైడ్రేట్ అనే జిగురు వంటి పదార్థం ఏర్పడుతుంది. వ్యర్థాన్ని అది మూడు విధాలుగా పట్టి ఉంచుతుంది. మొదటిది రసాయన బంధనం: సిమెంటులోని తేమకు క్షారగుణం అధికం కనుక అనేక భార లోహాలు అందులో కరగని హైడ్రాక్సైడులుగా మారతాయి. రెండవది అధిశోషణం: జిగురు ఉపరితలం స్ట్రాన్షియం వంటి మూలకాలను తనకు అంటించుకుంటుంది. మూడవది భౌతిక నిరోధం: గట్టిపడిన దిమ్మెలోకి నీరు అతి నెమ్మదిగా మాత్రమే చొరబడుతుంది.

ఈ పట్టు అన్నింటిపై ఒకేలా ఉండదు. సీజియం సిమెంటులో సరిగా నిలవదు. దానికోసం బెంటొనైటు, వెర్మిక్యులైటు వంటి బంకమట్టి ఖనిజాలను కలుపుతారు. సీసం, జింకు, బోరేటు లవణాలు సిమెంటు గట్టిపడటాన్నే ఆలస్యం చేస్తాయి. సల్ఫేటు అధికమైతే దిమ్మె లోపల ఎట్రింజైటు స్ఫటికాలు పెరిగి, ఉబ్బి, పగుళ్లు తెస్తాయి. వ్యర్థం స్వభావాన్ని బట్టి పాళ్లు మారవలసి ఉంటుంది.

ఈ పద్ధతి తొలి చరిత్ర అంత ఉజ్జ్వలమైనది కాదు. 1946లో అమెరికా కాలిఫోర్నియా తీరానికి దూరంగా అణువ్యర్థాలను సముద్రంలో పడవేయడం ప్రారంభించింది. తరువాతి దశాబ్దాలలో బ్రిటన్ తదితర దేశాలూ అదే బాట పట్టాయి. అప్పట్లో పీపాలలో పోసిన కాంక్రీటుకు ఉన్న ప్రధాన ప్రయోజనం పీపాను మునిగేంత బరువు చేయడమే. 1972 నాటి లండన్ ఒప్పందం తీవ్రస్థాయి వ్యర్థాలను సముద్రంలో వేయడాన్ని నిషేధించింది. 1993లో ఆ నిషేధం అణువ్యర్థాలన్నింటికీ విస్తరించింది. సముద్రం మూసుకుపోయాక వ్యర్థం నేల మీదనే నిలవవలసి వచ్చింది. దానితో సిమెంటు పని మారింది: ముంచే బరువుగా ఉన్నది పట్టి ఉంచే మాధ్యమమైంది. ఫ్రాన్సులో 1969 నుంచి 1994 వరకు పనిచేసిన లా మాంష్ కేంద్రం, అమెరికాలోని సవానా రివర్ కేంద్రంలో 1990లో ఆరంభమైన సాల్ట్‌స్టోన్ ప్రక్రియ ఈ దశకు ఉదాహరణలు. సాల్ట్‌స్టోన్‌లో లవణద్రావణాన్ని సిమెంటు, కొలిమి చిట్టెం, థర్మల్ బూడిదలతో కలిపి గట్టిపరుస్తారు.

4. భారతదేశంలో రెండు చట్టాలు, రెండు దారులు:

భారతదేశంలో అణువ్యర్థాలు 1962 నాటి అణుశక్తి చట్టం కిందికి వస్తూ వచ్చాయి. వాటి భద్రతను 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి, 1987 నాటి అణువ్యర్థాల సురక్షిత నిక్షేపణ నియమావళి పర్యవేక్షిస్తాయి. పరిశ్రమల నుంచి వచ్చే ఇతర ప్రమాదకర వ్యర్థాలకు 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లో వేరే నియమాలు వచ్చాయి. వాటిని 2016లో సవరించి తిరిగి ప్రకటించారు. అణువ్యర్థాలను ఈ రెండవ నియమావళి తన పరిధి నుంచి మినహాయించింది.

రెండు దారులలోనూ సిమెంటుకు స్థానం ఉంది. తెలుగు ప్రాంతంలో హైదరాబాదు శివారు దుండిగల్, విశాఖపట్నం దగ్గరి పరవాడ కేంద్రాలు పారిశ్రామిక వ్యర్థాలను స్వీకరిస్తాయి. నేరుగా పూడ్చడానికి వీలులేని వ్యర్థాన్ని ఇటువంటి కేంద్రాలలో సున్నం, సిమెంటు, బూడిద వంటి పదార్థాలతో స్థిరపరచి, అడుగున పొరలు వేసిన గుంతలలో పూడుస్తారు. ట్రాంబే, తారాపూర్, కల్పాక్కం వంటి అణుకేంద్రాలలో ద్రవవ్యర్థాన్ని శుద్ధి చేయగా మిగిలిన మడ్డిని సిమెంటులో బంధించి, కాంక్రీటు కందకాలలో ఉంచుతారు. తీవ్రస్థాయి వ్యర్థాన్ని మాత్రం గాజులో బంధిస్తారు.

ఈ కాంక్రీటు కందకాల తర్కం కాలగణనపై ఆధారపడింది. అక్కడి వ్యర్థంలో ప్రధానమైన సీజియం-137, స్ట్రాన్షియం-90 మూలకాల అర్ధాయువు సుమారు 30 సంవత్సరాలు. 10 అర్ధాయువులు గడిస్తే, అంటే 300 ఏళ్లలో, వాటి తీవ్రత వెయ్యో వంతుకు తగ్గుతుంది. మూడు శతాబ్దాలు నిలిచే దిమ్మెను, మూడు శతాబ్దాలు కాపలా ఉండే వ్యవస్థను ఊహించడం కష్టమే కాని అసాధ్యం కాదు.

5. తుమ్మలపల్లె - మూడవ దారి:

కడప ద్రోణి నైరుతి అంచున ఉన్న యురేనియం పట్టీని అణు ఖనిజాల అన్వేషణ సంస్థ దశాబ్దాల పాటు శోధించింది. తుమ్మలపల్లె ఖనిజంలో యురేనియం పాలు చాలా తక్కువ; టన్ను రాయిలో అర కిలోకు మించదు. పైగా అది డోలోమైటులో ఇమిడి ఉంది. జార్ఖండ్‌లోని జాదుగూడలో వలె సల్ఫ్యూరికామ్లంతో కరిగించబోతే, యురేనియం కంటే ముందు డోలోమైటే ఆమ్లాన్ని తాగేస్తుంది. ఈ ఇబ్బంది వల్ల సోడియం కార్బొనేటు, బైకార్బొనేటులతో, అధిక పీడనం వద్ద, ఆక్సిజన్ సాయంతో కరిగించే క్షారపద్ధతిని ఇక్కడ ఎంచుకున్నారు. 2006 సెప్టెంబరులో ప్రజాభిప్రాయ సేకరణ, 2007లో శంకుస్థాపన జరిగాయి. 2012లో యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా శుద్ధి కర్మాగారం పని మొదలుపెట్టింది. దాని రూపకల్పన సామర్థ్యం రోజుకు 3,000 టన్నుల ఖనిజం.

యురేనియం పాలు అంత స్వల్పం కనుక లోపలికి వెళ్లిన రాయి దాదాపు అంతా పొడిగా మారి బయటికి వస్తుంది. ఆ బురదను గొట్టాల ద్వారా కె.కె. కొట్టాల సమీపంలో కొండల నడుమ కట్టిన నిల్వ చెరువుకు పంపుతారు. స్థానికులు దానిని టెయిలింగ్ పాండ్ అనే అంటారు. యురేనియాన్ని తీసివేసినా ఖనిజంలోని అణుధార్మికతలో సుమారు 85 శాతం ఈ పొడిలోనే ఉండిపోతుంది. యురేనియం క్షయం వల్ల పుట్టిన థోరియం-230, రేడియం-226 అందులోనే మిగలడం దీనికి కారణం. థోరియం-230 అర్ధాయువు సుమారు 75,000 సంవత్సరాలు. రేడియం-226 అర్ధాయువు 1,600 సంవత్సరాలు. రేడియం నుంచి నిరంతరం రేడాన్ వాయువు వెలువడుతుంది.

ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వర్షంతో, బోరుబావుల మీద అరటి, చీనీ తోటలు పెంచుకునే ప్రాంతమిది. కొట్టాల, మబ్బుచింతలపల్లె, భూమయ్యగారిపల్లె, కనంపల్లె తదితర గ్రామాల రైతులు తమ బోర్లలో నీటి గుణం మారిందని, తోటలు దెబ్బతిన్నాయని, చర్మవ్యాధులు వస్తున్నాయని ఫిర్యాదు చేశారు. చెరువు అడుగున నీరు ఇంకని పొర అనుమతి షరతుల మేరకు లేదన్న ఆరోపణ 2018 నాటికి బలంగా ముందుకు వచ్చింది. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సంస్థ నుంచి సంజాయిషీ కోరింది. చెరువును నిబంధనల ప్రకారమే నిర్మించామని, యురేనియం సహజంగా ఉన్న శిలాప్రాంతంలో నీటిలో దాని ఆనవాళ్లు ఉండటం వింత కాదని సంస్థ వాదించింది. గని రాకముందటి నీటి కొలతలు ఎన్ని బోర్లకు, ఎంత లోతులో, ఎన్ని రుతువులలో తీశారన్న దానిపైనే ఈ వివాద పరిష్కారం ఆధారపడి ఉంది. పరిశ్రమకు ముందటి కొలత ఇక్కడ చారిత్రక పత్రంతో సమానం.

6. సిమెంటు ఎందుకు కాలేదు?

దీనికి తొలి సమాధానం పరిమాణం. ఏడాదికి 300 పనిదినాలు అనుకుంటే 9 లక్షల టన్నుల పొడి వస్తుంది. బరువులో పదోవంతు సిమెంటు కలపాలనుకుంటే రోజుకు 300 టన్నులు, అంటే 50 కిలోల బస్తాలు 6,000 కావాలి. అది ఏడాదికి 90,000 టన్నులు. పీపాలలో మడ్డిని బంధించే పద్ధతిలోనైతే సిమెంటు పాలు ఇంకా ఎక్కువ. ఈ లెక్క పెద్దదిగానే కనిపిస్తుంది. అయితే ఎర్రగుంట్ల, జమ్మలమడుగు పరిసరాల పెద్ద కర్మాగారాలు ఒక్కొక్కటి ఏడాదికి లక్షల టన్నులు తయారు చేస్తాయి. సరుకు కొరత అడ్డంకి కాదు; అడ్డంకి ఖర్చు. టన్నుకు అర కిలో కూడా యురేనియం దక్కని ఖనిజానికి టన్నుకు రెండు బస్తాల సిమెంటు జోడిస్తే ప్రాజెక్టు లెక్క తారుమారవుతుంది.

రెండవ సమాధానం రసాయనశాస్త్రం. క్షారపద్ధతి అవశేషంలో సోడియం, కార్బొనేటు, సల్ఫేటు లవణాలు మిగులుతాయి. సల్ఫేటు వల్ల కలిగే ఉబ్బును పైన ప్రస్తావించడం జరిగింది. యురేనియం కార్బొనేటుతో జతకూడినప్పుడు నీటిలో సులభంగా కదులుతుంది. సిమెంటులోని కాల్షియం ఆ కార్బొనేటును సున్నపురాయిగా అవక్షేపింపజేసి, యురేనియాన్ని కాల్షియం యురేనేటు రూపంలో నిలపగలదు. రేడియం విషయంలో బేరియం సల్ఫేటు ఉపయోగకరం. గనుల నీటి నుంచి రేడియాన్ని తొలగించడానికి బేరియం లవణాలను వాడటం స్థిరపడిన పద్ధతి. సిద్ధాంతరీత్యా దారులు ఉన్నాయి కాని రేడాన్ మిగిలిపోతుంది. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం గ్రాండ్ జంక్షన్ పట్టణంలో యురేనియం మిల్లు ఇసుకను 1950, 60 దశకాలలో ఇళ్ల పునాదులకు, కాంక్రీటుకు వాడారు. తరువాత ఆ ఇళ్లలో రేడాన్ బయటపడింది. బాగుచేత కోసం 1972లో ఆ దేశం చట్టం చేయవలసి వచ్చింది. సిమెంటులో కలిసినంత మాత్రాన పదార్థం నిరపాయం కాదని ఆ అనుభవం చెబుతుంది.

మూడవది, ఈ వ్యాసం దృష్టిలో నిర్ణయాత్మకమైనది, వర్గీకరణ. రియాక్టరు నుంచి వచ్చినది 'అణువ్యర్థం'. గని నుంచి వచ్చినది 'అవశేషం'. మొదటి దానికి పీపా, దిమ్మె, కందకం, నమోదు పుస్తకం ఉంటాయి. రెండవ దానికి ఉండేది కట్ట. ఈ విభజన భారతదేశంలో పుట్టినది కాదు. అమెరికాలో సైతం 1978 వరకు, మూతపడిన యురేనియం మిల్లుల ఇసుకదిబ్బలపై అణుశక్తి చట్టానికి స్పష్టమైన అదుపు లేదు. 1978 చట్టం ఆ లోపాన్ని సవరించింది. మరుసటి ఏడాదే, 1979 జూలై 16న, న్యూమెక్సికోలోని చర్చ్ రాక్ వద్ద కట్ట తెగి, నవాహో ప్రజలు నివసించే ప్రాంతం గుండా పారే ఏటిలోకి ఆ వ్యర్థజలం ప్రవహించింది. ఆ చట్టం కింద వచ్చిన ప్రమాణాలు దిబ్బలపై కప్పులు వీలైతే 1,000 ఏళ్లు, కనీసం 200 ఏళ్లు నిలవాలని కోరాయి.

సిమెంటుకు, కట్టకు మధ్య మరొక మార్గం కూడా ఉంది. పొడిలోని నీటిని తగ్గించి, కొద్దిపాటి సిమెంటు కలిపి, ఆ ముద్దను తవ్విన గని ఖాళీలలోకే తిరిగి నింపడం లోహగనులలో 1970ల చివరి నుంచి వ్యాపించిన పద్ధతి. జాదుగూడలో అవశేషంలోని ముతక ఇసుకను గని నింపడానికి వాడుతూ వచ్చారు. ఇది మొత్తం పొడిని మింగదు; నలిగిన రాయి గట్టిరాయి కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. కాని నేలమీది చెరువు ఎత్తును తగ్గిస్తుంది.

7. కాలం - బెలుం, జ్వాలాపురం సాక్ష్యాలు:

దిమ్మె ఎంతకాలం నిలుస్తుందన్న ప్రశ్నకు ప్రయోగశాలలో కొన్ని నెలలు, కొన్ని ఏళ్ల పరీక్షలే సాధ్యం. అంతకు మించిన కాలానికి ప్రకృతి ఉదాహరణలను పోల్చి చూడటం ఈ రంగంలో ఆనవాయితీ. కర్నూలు నేల అటువంటివి రెండు ఇస్తుంది.

కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలు మూడు కిలోమీటర్లకు పైగా విస్తరించాయి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటిని ప్రస్తావించాడు. సిమెంటుకు ముడిసరుకైన సున్నపురాయినే నీరు దీర్ఘకాలంలో కరిగించి ఈ సొరంగాలను తొలిచింది. బొగ్గుపులుసు వాయువు కలిసిన నీటికి కాల్షియం లొంగుతుందన్న సత్యం సిమెంటు దిమ్మెకూ వర్తిస్తుంది. ప్రాంతం పొడిగా ఉన్నంత మాత్రాన రాతికి నీటి ముప్పు తప్పదని, పగులు ఉన్నచోట ప్రవాహం ఏర్పడుతుందని బెలుం చెబుతుంది.

జుర్రేరు లోయలోని జ్వాలాపురం రెండవ సాక్ష్యం. సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రాలోని తోబా అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ఎగసిన బూడిద ఇక్కడ పొరగా నిలిచింది. ఆ పొరకు కిందా పైనా దొరికిన రాతి పనిముట్ల అధ్యయనం 2007లో ప్రచురితమై ప్రపంచ పురావస్తు చర్చలో స్థానం పొందింది. మట్టి కింద చిక్కుకున్న బూడిద అంతకాలం నిలవగలగడం ఒక విశేషం. ఆ కాలం థోరియం-230 ఒక అర్ధాయువుకు దాదాపు సమానం కావడం మరొక విశేషం. జ్వాలాపురంలో రాతి పనిముట్లు చెక్కిన మనుషుల కాలంలో ఎవరైనా ఈ అవశేషాన్ని పాతిపెట్టి ఉంటే, అందులోని థోరియంలో ఇప్పటికి సగం మాత్రమే తగ్గి ఉండేది. 300 ఏళ్ల కాంక్రీటు కందకం తర్కం ఈ కాలమానానికి చాలదు.

ఆ కారణం చేతనే 'సిమెంటులో బంధిస్తే సమస్య తీరుతుంది' అనే వాదం, 'ఖనిజ అవశేషానికి అంత శ్రద్ధ అక్కరలేదు' అనే వాదం రెండూ అసంపూర్ణాలు. సిమెంటు శాశ్వతం కాదు. అది కాలయాపన సాధనం. కదలికను నెమ్మదింపజేసి, కొలతలకు, మరమ్మతుకు తరాల వ్యవధిని ఇస్తుంది. బురదచెరువు ఆ వ్యవధిని కూడా ఇవ్వదు; తేమ ఉన్నంతకాలం నీటి భారం అడుగుపొరను నొక్కుతూనే ఉంటుంది.

8. ముగింపు:

అత్యంత స్వల్పకాలం ప్రమాదకరంగా ఉండే, పరిమాణంలో తక్కువైన వ్యర్థానికి అత్యంత పటిష్ఠమైన బంధనం దక్కింది. అత్యంత దీర్ఘకాలం నిలిచే, పరిమాణంలో అత్యధికమైన అవశేషానికి అత్యల్ప బంధనం దక్కింది. తీవ్రతలో మొదటిదే ఎక్కువన్నది నిజం. దిమ్మెకు ప్రాధాన్యం దక్కడానికి అది న్యాయమైన కారణమే. కాని తీవ్రతను మాత్రమే కొలిచిన వర్గీకరణ కాలాన్ని, పరిమాణాన్ని, పక్కన బోరునీరు తాగే ఊరిని కొలవలేదు.

2024 చివరలో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల అటవీ ప్రాంతంలో యురేనియం అన్వేషణకు బోర్లు వేసే ప్రతిపాదనను చుట్టుపక్కల గ్రామాలు ప్రతిఘటించాయి. తవ్వకాలు జరగబోవని జిల్లా యంత్రాంగం ప్రకటించవలసి వచ్చింది. ఆ ప్రతిఘటనను అపోహగా కొట్టివేయడం తేలిక. కాని అపోహ పుట్టేది సమాచారం లేని చోట. తవ్వకానికి ముందటి నీటి కొలతలు, చెరువు అడుగుపొర వివరాలు, అవశేషాన్ని గనిలోకి మళ్లించే అవకాశంపై అధ్యయనం, కర్మాగారం మూతపడ్డాక బాధ్యత వహించే సంస్థ, నిధి - ఇవి ముందుగా, తెలుగులో, గ్రామసభ ముందుకు రావడం తుమ్మలపల్లె చరిత్ర నుంచి తీసుకోవలసిన కనీస పాఠం. ఆ పత్రాలు భద్రపడితేనే రేపటి తరాలకు తమ పొలం పక్కన ఏది పాతి ఉందో తెలుస్తుంది.